క్లాక్ స్పీడ్ నిజంగా పడిపోతోందా? పెర్ఫార్మెన్స్ టూల్స్‌తో తేల్చుకునే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఒకే ప్రోగ్రామ్, ఒకే ఇన్‌పుట్. ఒకసారి 41 సెకన్లలో ముగుస్తోంది, ఇంకోసారి 58 సెకన్లు తీసుకుంటోంది. ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ మధ్యలో పడిపోతోందని మీ అనుమానం. విండోస్ పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో ‘ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ’ కౌంటర్ పెట్టి చూస్తే మొదటి నుంచి చివరి దాకా 2600 దగ్గర గీత గీసినట్టు కదలకుండా ఉంది. అదే మెషీన్‌ను లినక్స్‌లో బూట్ చేసి చూస్తే చూసిన ప్రతిసారీ ఒక కొత్త అంకె కనిపిస్తోంది. రెండింటిలో దేన్ని నమ్మాలి అని అడిగారు.

ప్రస్తుతానికి రెండింటినీ నమ్మకండి. ఆ టూల్స్‌లో తప్పేమీ లేదు. ‘ఈ క్షణంలో వేగం ఎంత’ అనే ప్రశ్నకే ఇప్పటి ప్రాసెసర్లలో సరైన జవాబు లేదు. లోడ్ మారితే, వేడి మారితే, పక్క కోర్ నిద్ర లేస్తే ఫ్రీక్వెన్సీ సెకనులో ఎన్నోసార్లు మారుతుంది. మధ్యమధ్యలో కోర్ పూర్తిగా నిద్రపోతుంది కూడా. మీరు సెకనుకోసారి తొంగి చూసి పట్టుకున్న అంకె ఆ ఒక్క క్షణానిది. మిగతా సెకనంతా ఏం జరిగిందో అది చెప్పదు. అందుకే వేగాన్ని చదవకూడదు, లెక్కగట్టాలి: ఇంత సమయంలో కోర్ ఎన్ని సైకిల్స్ (క్లాక్ టిక్కులు) నడిచిందో ఎంచి, సమయంతో భాగించాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా, ఏ టూల్‌తోనైనా దారి తప్పరు.

ఈ లెక్క కోసం ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ప్రతి లాజికల్ కోర్‌కూ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించే ఒక్కో కోర్‌కూ) లెక్కపెట్టే రెండు రిజిస్టర్లు ఉన్నాయి, ఎంపెర్ఫ్, ఏపెర్ఫ్ అని. కోర్ మెలకువగా ఉన్నప్పుడే రెండూ కదులుతాయి, నిద్రపోతే రెండూ ఆగిపోతాయి. తేడా ఏమిటంటే, ఎంపెర్ఫ్ ఎప్పుడూ ప్రాసెసర్ బేస్ ఫ్రీక్వెన్సీ (దానికి నిర్ణయించిన మామూలు వేగం) లెక్కన పెరుగుతుంది. ఏపెర్ఫ్ మాత్రం కోర్ అసలు ఏ వేగంతో నడుస్తోందో ఆ లెక్కన పెరుగుతుంది. ఇవి కాకుండా టైమ్‌స్టాంప్ కౌంటర్ అని మూడోది ఉంది. అది కోర్ నిద్రపోయినా ఆగదు, వేగం మారినా మారదు.

మీ మెషీన్ బేస్ 2600 మెగాహెర్ట్జ్ అంటున్నారు కాబట్టి దానితోనే ఒక లెక్క వేద్దాం. ఒక సెకనులో టైమ్‌స్టాంప్ 260 కోట్లు పెరిగింది. అదే సెకనులో ఎంపెర్ఫ్ 130 కోట్లు, ఏపెర్ఫ్ 175 కోట్లు పెరిగాయి అనుకోండి. 260లో 130 అంటే కోర్ సగం సేపే మెలకువగా ఉంది. 175ని 130తో భాగిస్తే దాదాపు 1.346. దాన్ని 2600తో గుణిస్తే 3500. అంటే పని చేసినంత సేపూ కోర్ సగటున 3500 మెగాహెర్ట్జ్ వేగంతో చేసింది. నిద్రను కూడా కలిపి ఆ సెకను మొత్తానికి సగటు తీస్తే 1750. ఈ 3500, 1750 రెండూ నిజమే, కానీ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ‘ఫ్రీక్వెన్సీ పడిపోయింది’ అని మా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో ఎవరో 1750 లాంటి అంకెను చూసి దాన్ని 3500తో పోల్చి ఉంటారు. కోర్ నెమ్మదించలేదు, దానికి పని లేదు, అంతే.

ఇప్పుడు విండోస్ సంగతి. మీరు పెట్టిన ‘ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ’ కౌంటర్ చాలా మెషీన్లలో బేస్ విలువ దగ్గరే కూర్చుంటుంది, టర్బోను (బేస్ దాటి పరుగెత్తే వేగాన్ని) చూపించదు. పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో ‘ప్రాసెసర్ ఇన్ఫర్మేషన్’ అనే గుంపు తెరిచి, అందులో ‘% ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్’ అనేదాన్ని పెట్టండి. కోర్ పని చేస్తున్నప్పటి సగటు వేగం బేస్‌లో ఎంత శాతమో అది చెబుతుంది. టర్బో ఉంటే 100 దాటుతుంది, దాటాలి కూడా. పై ఉదాహరణలో అది 134.6 చూపిస్తుంది. దాన్ని బేస్‌తో గుణిస్తే మెగాహెర్ట్జ్ వచ్చేస్తుంది. పక్కనే ‘% ప్రాసెసర్ టైమ్’ కూడా పెట్టుకోండి, కోర్ ఎంత సేపు మెలకువగా ఉందో తెలియడానికి.

టాస్క్ మేనేజర్‌లో వాడకం శాతానికీ, పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో వచ్చే శాతానికీ పొంతన లేదని చాలామంది టెన్షన్ పడుతుంటారు. దానికి కారణం కూడా ఇక్కడే ఉంది. విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్ ‘% ప్రాసెసర్ యుటిలిటీ’ని చూపిస్తూ వచ్చింది; విండోస్ 11లో 2025 అప్‌డేట్లతో ఇది మారింది. అది మెలకువ శాతాన్నీ, వేగం శాతాన్నీ గుణించిన అంకె. పై ఉదాహరణలో టైమ్ 50 శాతం, యుటిలిటీ దాదాపు 67 శాతం. టర్బో బాగా ఉన్న మెషీన్‌లో కోర్‌కు ఇంకా ఖాళీ ఉండగానే ఆ లెక్క వాడే టాస్క్ మేనేజర్ 100 చూపించగలదు. సర్వర్ నిండిపోయిందని కొత్తది కొనే ముందు ఈ తేడా చూసుకోవాలి.

కౌంటర్లు ఎంచుకునేటప్పుడు ‘టోటల్’ అనే వరుసతో సరిపెట్టుకోకండి. ప్రతి కోర్‌నూ విడిగా తీసుకోండి. మీ ప్రోగ్రామ్ ఒకటి రెండు కోర్లలోనే నడుస్తుంటే, మిగతా ఖాళీ కోర్ల అంకెలు కలిసి మొత్తాన్ని పలచన చేసేస్తాయి. స్క్రీన్ మీద గ్రాఫ్ చూస్తూ కూర్చోవడం కంటే డేటా కలెక్టర్ సెట్ తయారు చేసి ఫైల్‌లోకి రాయించడం మేలు. కమాండ్ లైన్ ఇష్టమైతే టైప్‌పెర్ఫ్ ఉంది, అదే కౌంటర్లను సెకనుకోసారి ఫైల్‌లో రాస్తుంది. సెకను కంటే సూక్ష్మంగా కావాలంటే విండోస్ పెర్ఫార్మెన్స్ రికార్డర్‌తో పవర్ ఈవెంట్లను ట్రేస్ చేసి, అనలైజర్‌లో ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ తెరవాలి. అది ఏ క్షణంలో ఏ కోర్ ఎలా మారిందో టైమ్‌లైన్ మీద పరుస్తుంది. అయితే ఒక జాగ్రత్త, దీని గురించి కాస్త కింద చెబుతాను: ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకున్న మార్పులన్నీ హార్డ్‌వేర్ చేసిన మార్పులు కావు.

లినక్స్‌లో ఈ పనికి నేను మొదట తెరిచేది టర్బోస్టాట్. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) సోర్స్‌తో పాటే వస్తుంది, రూట్ (అడ్మినిస్ట్రేటర్) అనుమతి కావాలి. పైన చెప్పిన భాగాహారాలన్నీ అదే చేసి పెడుతుంది. అందులో ‘బిజీ మెగాహెర్ట్జ్’ అనే నిలువు వరుస మన 3500, ‘యావరేజ్ మెగాహెర్ట్జ్’ అనేది మన 1750, వాటి మధ్యలోది మెలకువ శాతం. ఉష్ణోగ్రత, ప్యాకేజీ (మొత్తం ప్రాసెసర్) వాట్లు కూడా అదే వరుసలో వస్తాయి. వేగం ఎందుకు పడిందో తేల్చేటప్పుడు ఇవి పక్కపక్కన ఉండటం ఎంత ఉపకారమో వాడితే తెలుస్తుంది. మామూలుగా 5 సెకన్లకోసారి రాస్తుంది, మీరు 1 సెకనుకు మార్చుకోండి.

మీరు ప్రతిసారీ కొత్త అంకె చూశానన్నది బహుశా సిస్టమ్ ఫైళ్లలోని ‘స్కేలింగ్ కరెంట్ ఫ్రీక్వెన్సీ’ లేదా సీపీయూ ఇన్ఫోలోని మెగాహెర్ట్జ్ వరుస అయి ఉండాలి. చాలా డ్రైవర్లలో ఆ మొదటి ఫైల్ చెప్పేది కెర్నల్ చివరిసారి అడిగిన వేగం. అడిగింది, వచ్చింది ఒకటే కానవసరం లేదు. ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద కొత్త కెర్నల్స్ ఏపెర్ఫ్, ఎంపెర్ఫ్ నుంచి లెక్కగట్టి ఇస్తున్నాయి కాబట్టి కొంత నయం. అయినా అది ఏదో చిన్న ముక్క సమయపు సగటు. పైగా కొన్ని కెర్నల్స్‌లో ఆ ఫైల్ చదవడమే నిద్రపోతున్న కోర్‌ను లేపుతుంది. అన్ని కోర్ల ఫైళ్లనూ లూప్ పెట్టి చదివేవాళ్లు చూసేది చాలావరకు తాము సృష్టించిన అలజడినే.

పైన జాగ్రత్త అన్నది ఇదే. ఒకప్పుడు వేగం ఎంత ఉండాలో ఆపరేటింగ్ సిస్టమే నిర్ణయించేది, కాబట్టి దాని డైరీ చూస్తే సరిపోయేది. 2015లో వచ్చిన స్కైలేక్‌తో ఇంటెల్ ఆ పగ్గాలను హార్డ్‌వేర్‌కు ఇచ్చే ఏర్పాటు తెచ్చింది, స్పీడ్ షిఫ్ట్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ కింది హద్దు, పై హద్దు, కరెంటు ఆదా మీద ఎంత మక్కువో చెబుతుంది, ఆ తర్వాత ప్రాసెసర్ తన ఇష్టప్రకారం నడుచుకుంటుంది. ఏఎండీలోనూ ఇలాంటి పద్ధతే వచ్చింది, లినక్స్‌లో దాని కొత్త డ్రైవర్ 2022లో 5.17 కెర్నల్‌తో చేరింది. ఫలితం ఏమిటంటే, లినక్స్‌లో సీపీయూ ఫ్రీక్వెన్సీ ట్రేస్‌పాయింట్ (కెర్నల్ తన మార్పులను నమోదు చేసే చోటు) పెట్టుకుని ఎదురుచూస్తే గంటసేపు ఒక్క ఈవెంట్ కూడా రాకపోవచ్చు. ఈవెంట్ లేదంటే మార్పు లేదని కాదు. ఆ మార్పు చేసింది హార్డ్‌వేర్, కెర్నల్‌కు చెప్పి చేయలేదు. కౌంటర్ల లెక్కకు మాత్రం ఈ ఇబ్బంది లేదు, ఎవరు నిర్ణయించినా నడిచిన సైకిల్స్ నడిచినట్టే నమోదవుతాయి.

ఇక మీ కేసుకు వద్దాం. 41కీ 58కీ తేడా ఫ్రీక్వెన్సీ వల్లేనా అని తేల్చడానికి గ్రాఫ్ కంటే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. లినక్స్‌లో కౌంటర్లను లెక్కించే పెర్ఫ్ స్టాట్ కమాండ్ కింద మీ ప్రోగ్రామ్‌ను నడపండి, సైకిల్స్, ఇన్‌స్ట్రక్షన్స్, టాస్క్ క్లాక్ (ప్రోగ్రామ్ ప్రాసెసర్ మీద నడిచిన సమయం) మూడూ తీసుకోండి. వేగంగా ముగిసిన రన్ ఒకటి, ఆలస్యమైన రన్ ఒకటి దొరికేదాకా నడపండి. ఒక్క థ్రెడ్ ప్రోగ్రామ్ అనుకుందాం. మొదటి రన్‌లో 13,940 కోట్ల సైకిల్స్, రెండో రన్‌లో 13,920 కోట్లు వచ్చాయనుకోండి. చేసిన పని అంతే, ఖర్చయిన సైకిల్స్ దాదాపు అంతే, సమయం మాత్రం పెరిగింది. అప్పుడు మొదటిది 3.4 గిగాహెర్ట్జ్‌తో, రెండోది 2.4తో నడిచినట్టు. ఇక అనుమానం అక్కర్లేదు, దోషి ఫ్రీక్వెన్సీయే.

సైకిల్స్ కూడా సమయంతో పాటే పెరిగి, భాగిస్తే రెండు రన్‌లలోనూ 3.4 వస్తే ఫ్రీక్వెన్సీని వదిలేయండి. ఇన్‌స్ట్రక్షన్స్ పెరిగాయేమో చూడండి. అవి పెరగకుండా సైకిల్స్ మాత్రమే పెరిగితే మెమరీ కోసం వేచి ఉండటమో, అదే ఫిజికల్ కోర్‌లో పక్క థ్రెడ్ మీద ఇంకెవరో పని చేయడమో జరుగుతోంది. సైకిల్స్, టాస్క్ క్లాక్ రెండూ పెరగకుండా గోడ గడియారం సమయం ఒక్కటే పెరిగితే ప్రోగ్రామ్ డిస్క్ కోసమో, లాక్ కోసమో నిద్రపోతోంది. నాలుగోది కాస్త తికమక పెడుతుంది: ఫ్రీక్వెన్సీ పడిపోయి, సైకిల్స్ తగ్గి, సమయం కొంచెమే పెరగవచ్చు. మెమరీ మీద ఎక్కువ ఆధారపడే ప్రోగ్రామ్ అయితే అంతే. మెమరీ నుంచి డేటా రావడానికి పట్టే నానోసెకన్లు మారవు. కోర్ నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి ఆ నిరీక్షణ తక్కువ సైకిల్స్‌లో గడిచిపోతుంది.

ఈ పరీక్షలో రెండు చోట్ల మనుషులు పప్పులో కాలేస్తారు. మొదటిది, రూట్ కాకుండా మామూలు యూజర్‌గా నడిపితే చాలా సిస్టమ్స్‌లో పెర్ఫ్ యూజర్ కోడ్ సైకిల్స్‌నే లెక్కిస్తుంది, కౌంటర్ పేరు చివర కోలన్ యూ అని కనిపిస్తుంది. టాస్క్ క్లాక్‌లో మాత్రం కెర్నల్ సమయం కూడా ఉంటుంది. ఒకదాన్ని మరోదానితో భాగించి పక్కన రాసే గిగాహెర్ట్జ్ అంకె ఉండాల్సిన దానికంటే తక్కువ వస్తుంది. సిస్టమ్ కాల్స్ ఎక్కువ చేసే ప్రోగ్రామ్‌లో ఇది చూసి ప్రాసెసర్ పాడైందనుకున్నవాళ్లు ఉన్నారు. రెండోది, సొంత కోడ్‌లో టైమ్‌స్టాంప్ కౌంటర్ చదివి దాన్ని సైకిల్స్ అనుకోవడం. అది పేరుకు తగ్గట్టు గడియారం. మీ మెషీన్‌లో అది 41 సెకన్లకు 10,660 కోట్లు, 58 సెకన్లకు 15,080 కోట్లు చూపిస్తుంది. సైకిల్స్ పెరిగాయి కాబట్టి తప్పు ప్రోగ్రామ్‌దే అని తేల్చేస్తారు, అసలు కారణానికి సరిగ్గా ఎదురు దిశలో వెళ్తారు.

ఇలా ఎదురు దిశలో నేనూ మూడు రోజులు నడిచాను. రాత్రంతా నడిచే ఒక గణన ఒక వారం నుంచి తెల్లవారేసరికి ముగియడం మానేసింది. కోడ్‌లో చివరి మార్పులు వెనక్కి తీశాం, లైబ్రరీలు మార్చాం, ప్రొఫైలర్ ముందు కూర్చున్నాం. ప్రొఫైల్‌లో అన్నీ మునుపటి నిష్పత్తిలోనే ఉన్నాయి, ఏ ఒక్క ఫంక్షన్ కూడా ప్రత్యేకంగా పెరగలేదు. అన్నీ ఒకే దామాషాలో నెమ్మదించడమే పెద్ద ఆధారమని అప్పుడు తోచలేదు. చివరకు సైకిల్స్ ఎంచితే లెక్క పాతదే, సమయం మాత్రం ఒకటిన్నర రెట్లు. ఆ మెషీన్‌కు మెయింటెనెన్స్ చేసిన వాళ్లు ఫర్మ్‌వేర్‌లో (బయోస్‌లో) పవర్ సెట్టింగ్ మార్చి వెళ్లారు, ఎవరికీ చెప్పలేదు. విండోస్ సిస్టమ్ లాగ్‌లో ‘కెర్నల్ ప్రాసెసర్ పవర్’ పేరుతో 37వ నంబర్ ఈవెంట్లు వరుసగా ఉన్నాయి, సిస్టమ్ ఫర్మ్‌వేర్ ప్రాసెసర్ వేగాన్ని పరిమితం చేస్తోందని స్పష్టంగా రాసి ఉంది. ఆ రోజు నుంచి కోడ్ ముట్టుకునే ముందు ఆ లాగ్ చూడటం అలవాటు చేసుకున్నాను. మీరూ ఇప్పుడే ఒకసారి చూడండి, రెండు నిమిషాల పని.

ఫ్రీక్వెన్సీయే అని తేలాక, సెకను సెకనుకూ తీసిన లాగ్ ఆకారమే కారణాన్ని చాలావరకు చెబుతుంది. కొన్ని పదుల సెకన్లు పైన నడిచి, మెట్టు దిగినట్టు ఒక్కసారి పడి అక్కడే స్థిరపడితే అది పవర్ లిమిట్. తక్కువ సేపటికి ఎక్కువ వాట్లు, ఎక్కువ సేపటికి తక్కువ వాట్లు అని ప్రాసెసర్‌కు రెండు హద్దులుంటాయి. ఆ గడువు తీరాక వాట్ల అంకె కూడా రెండో హద్దు దగ్గర అతుక్కుని కనిపిస్తుంది. వేగం రంపపు పళ్లలా పడుతూ లేస్తూ, ఉష్ణోగ్రత పైహద్దును తాకుతూ ఉంటే వేడి. లినక్స్‌లో ఇంటెల్ మెషీన్లకు కోర్ థ్రాటిల్ కౌంట్ అనే ఫైల్ ఉంటుంది, రన్‌కు ముందు, తర్వాత చదవండి. పెరిగిందంటే అనుమానం తీరినట్టే. మొదటి సెకను నుంచీ బల్లపరుపుగా తక్కువ ఉంటే పవర్ ప్లానో, గవర్నరో (లినక్స్‌లో వేగాన్ని ఎంచే విధానం), ఫర్మ్‌వేరో. విండోస్‌లో ‘% పెర్ఫార్మెన్స్ లిమిట్’, దాని పక్కనున్న ఫ్లాగ్స్ కౌంటర్ కూడా ఇక్కడ పనికొస్తాయి. మీ ప్రోగ్రామ్‌తో పాటు వేరే పని మొదలైనప్పుడే పడుతుంటే అది సహజమే, నడిచే కోర్ల సంఖ్య పెరిగే కొద్దీ టర్బో పైహద్దు తగ్గుతుంది. వెడల్పు వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు (ఒకేసారి చాలా అంకెల మీద పని చేసేవి) దండిగా వాడే కోడ్ కూడా కొన్ని ప్రాసెసర్లలో వేగాన్ని తగ్గిస్తుంది.

ఆ ఆకారాన్ని సగటులతో చెరిపేయకండి. ఒక సెకను కోర్ 10 శాతమే మెలకువగా ఉండి 3800 దగ్గర నడిచింది, తర్వాతి సెకను పూర్తిగా మెలకువగా ఉండి 2400 దగ్గర నడిచింది. రెండూ కలిపి సగం చేస్తే 3100 వస్తుంది. అది ఎక్కడా జరగని వేగం. మెలకువ సమయాన్ని బరువుగా వేసి లెక్కిస్తే దాదాపు 2527. మేనేజర్లకు పంపే రిపోర్టుల్లో ఈ పొరపాటు తరచూ చూస్తుంటాను.

సెకను కంటే చిన్న మార్పులు కావాలంటే పెర్ఫ్ స్టాట్‌కు మైనస్ క్యాపిటల్ ఐ ఆప్షన్‌తో 100 మిల్లీసెకన్లు ఇవ్వొచ్చు. అంతకంటే కిందికి వెళ్తే టూల్ ఖర్చే కొలతలో కలుస్తుంది. ఇంకా సూక్ష్మంగా కావాలంటే ప్రోగ్రామ్ లోపలే ఆ ముక్క ముందు, వెనక సైకిల్ కౌంటర్ చదవాలి. ప్రోగ్రామ్ ఒక కోర్ నుంచి మరో కోర్‌కు గెంతకుండా ముందు ఒకదానికి కట్టేయండి. పెద్ద, చిన్న కోర్లు కలిసి ఉన్న ప్రాసెసర్ అయితే ఇది తప్పనిసరి. అక్కడ ప్రోగ్రామ్ చిన్న కోర్ మీదకు జారడాన్ని ఫ్రీక్వెన్సీ పడిపోవడంగా పొరబడతాం.

వర్చువల్ మెషీన్‌లో అయితే ఇదంతా ఆశించకండి. చాలావాటిలో ఈ రిజిస్టర్లు గెస్ట్‌కు (లోపల నడిచే సిస్టమ్‌కు) కనిపించవు, చూపించే మెగాహెర్ట్జ్ ఒక స్థిరమైన అంకె మాత్రమే. అక్కడ నేను చేసే పని, ఒకదాని ఫలితం మీద మరొకటి ఆధారపడే కూడికలను వంద కోట్లు చేయించి సమయం చూడటం. ఒక్కో కూడికకు ఒక సైకిల్ లెక్క. 0.4 సెకను పడితే 2.5 గిగాహెర్ట్జ్. కూడేది రిజిస్టర్ విలువై ఉండాలి, కోడ్‌లో రాసిన చిన్న స్థిరసంఖ్య కాకూడదు. ఎందుకంటే ఇంటెల్ కొత్త పెద్ద కోర్లు అలాంటి కూడికను సైకిల్ ఖర్చు లేకుండానే దాటించేస్తాయి, మీకు అసాధ్యమైన వేగం కనిపిస్తుంది. కంపైలర్ ఆ లూప్‌ను మడిచేయకుండా అసెంబ్లీలో రాయడం మంచిది. మెషీన్ మీ సొంతమైనా టూల్స్ చెప్పేది నిజమా అని ఒకసారి ఈ లూప్‌తో సరిచూసుకోవచ్చు. నేను ప్రతి కొత్త మెషీన్ మీద మొదట చేసేది ఇదే. మ్యాక్ వాడేవాళ్లకు పవర్‌మెట్రిక్స్ అనే కమాండ్ ఉంది, కోర్ల ఫ్రీక్వెన్సీ అదే ఇస్తుంది.

మీ అంకెలు నిజంగా పైన ఊహించినట్టే 3.4, 2.4గా వస్తే ఒకటి గమనించండి. 2.4 మీ బేస్ 2.6 కంటే కింద ఉంది. టర్బో దక్కకపోతే మహా అయితే బేస్ దాకా రావాలి. అంతకంటే కిందికి పోయిందంటే వేడో, ఫర్మ్‌వేరో, పవర్ ప్లాన్ హద్దో అడ్డుపడుతోంది. కాబట్టి ముందు 37వ ఈవెంట్ ఉందో లేదో చూడండి, తర్వాత ప్రోగ్రామ్‌ను ఒక కోర్‌కు కట్టి రెండు రన్‌ల సైకిల్స్ తీయండి, ఆలస్యమైన రన్‌కు సెకనువారీగా బిజీ మెగాహెర్ట్జ్, ఉష్ణోగ్రత, వాట్లు ఉన్న లాగ్ ఇక్కడ పెట్టండి. ఆ మూడు వరుసలు చూస్తే వేడో, పవర్ హద్దో, సెట్టింగో చెప్పగలను.